టకోమాకు 33 అంగుళాల టైర్లు: మా గరాజు డైరీ

మే 11, 2024, శనివారం

పొద్దున్నే గేజ్ పెట్టి నాలుగు టైర్ల ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతూ చూశాను. ముందు రెండూ అంగుళంలో 5/32 వంతు ఉన్నాయి, వెనకవి ఇంకా తక్కువ. కొలరాడోలో సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ఐ-70 మీద డాట్సెరో, మోరిసన్‌ల మధ్య కొండదారిలో తిరిగే బండికి ట్రెడ్ కనీసం 3/16 అంగుళం ఉండాలి. అంటే 6/32. నా టైర్లు ఆ గీత దాటి కిందికి వచ్చేశాయి. చలికాలంలోపు కొత్తవి వేయక తప్పదు. ఎలాగూ వేయాల్సినప్పుడు మళ్లీ అదే సైజు ఎందుకు?

బండి 2017 టొయోటా టకోమా పికప్, టీఆర్‌డీ ఆఫ్-రోడ్ రకం. నాలుగు తలుపులు, పొట్టి తొట్టి, 3.5 లీటర్ల వి6 ఇంజిన్, ఆరు గేర్ల ఆటోమేటిక్. 71 వేల మైళ్లు తిరిగింది. కంపెనీ ఇచ్చిన టైరు 265/70 ఆర్16.

పెద్ద టైర్లు కావాలనిపించింది చూపు కోసం కాదు. పోయిన సెప్టెంబర్‌లో సినమన్ పాస్ అనే కొండదారి మీద ఒక రాతి మెట్టు దిగుతుంటే వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు ఠంగుమని తగిలింది. ఆగి చూస్తే గుండు మీద బెత్తెడు గీత. ఆయిల్ కారలేదు గానీ ఆ చప్పుడు నా చెవిలో ఉండిపోయింది. ఇంటికొచ్చి బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్లు చూడడం మొదలుపెట్టాను.

ఏప్రిల్‌లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న పల్నాడులో ముప్పై ఏళ్లు మిర్చి, పత్తి వేసినవాడు, ట్రాక్టరు తనే నడిపేవాడు, తనే విప్పేవాడు. ఈరోజు బండి కింద దూరి, ఆ గీత మీద వేలు పెట్టి చూసి అన్నాడు: "ఒరేయ్, స్ప్రింగులు ఎత్తు చేస్తే పైనున్న బాడీ లేస్తుంది గానీ ఈ గుండు లేవదు గదరా. ఇది చక్రం ఇరుసు మీదే ఉంది. చక్రం పెద్దదైతేనే ఇది లేచేది."

ఎనిమిది నెలలుగా లిఫ్ట్ కిట్లు చూస్తున్న నాకు ఈ మాట ఒక్కరూ ఇంత సూటిగా చెప్పలేదు. వెనక యాక్సిల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో టైరు వ్యాసార్థమే నిర్ణయిస్తుంది. లిఫ్ట్ అవసరమే, కానీ అది పెద్ద టైరుకు చోటు చేయడం కోసం.

గుండు అడుగు నుంచి గరాజు నేలకు టేపు పెట్టి కొలిచాం: 229 మి.మీ. ఈ అంకె గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టాను.

మే 12, ఆదివారం

ఈరోజంతా సైజు లెక్కలే. పానా పట్టుకోలేదు.

ఇప్పుడున్న 265/70 ఆర్16 అంటే వెడల్పు 265 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 16 అంగుళాలు. పక్కగోడ 185.5, రెండు వైపులా కలిపి 371. రిమ్ 406.4 కలిపితే మొత్తం వ్యాసం 777 మి.మీ. అంటే 30.6 అంగుళాలు.

33 అంగుళాలు అనగానే ఎక్కువమంది 16 రిమ్‌కు వేసేది 285/75 ఆర్16. దాని వ్యాసం 834 మి.మీ. చూడ్డానికి బాగుంటుంది, దొరకడమూ తేలిక. కానీ ఆ టైరుకు రిమ్ కనీసం 7.5 అంగుళాల వెడల్పు ఉండాలని టైరు కంపెనీల పట్టిక చెబుతుంది. నా రిమ్‌లు 7 అంగుళాలవి. అంటే రిమ్‌లు కూడా మార్చాలి. మార్చితే ఎక్కువగా టైరును బయటికి జరిపే రిమ్‌లే దొరుకుతాయి. టైరు ఎంత బయటికి జరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు అంత పెద్ద చాపం గీస్తూ తిరుగుతుంది. బంపర్ మూల, వెనక ఇనుము అన్నీ ఆ చాపంలోకి వస్తాయి. బయటికి జరిపే స్పేసర్లతోనూ ఇదే గొడవ. చోటు చాలడం లేదని స్పేసర్ వేసి, ఆ స్పేసర్ వల్ల ఇంకాస్త ఇనుము కోసినవాళ్లను నేనే చూశాను.

ఇంకో సైజు 255/85 ఆర్16. వెడల్పు ఇప్పటి టైరు కంటే 10 మి.మీ. తక్కువ. పక్కగోడ 216.75. మొత్తం వ్యాసం 840 మి.మీ., అంటే 33.07 అంగుళాలు. సన్నం, ఎత్తు. 7 అంగుళాల రిమ్‌కు సరిగ్గా సరిపోతుంది, కాబట్టి ఉన్న రిమ్‌లే చాలు. వ్యాసంలో తేడా 62.5 మి.మీ., అందులో సగం 31. గుండు 31 మి.మీ. లేస్తుంది.

సన్నని టైరు అంటే మనసు మొదట ఒప్పుకోలేదు. బురదలో, ఇసుకలో వెడల్పే మేలనుకునేవాణ్ణి. నాన్నను అడిగాను. "మిర్చిలో అంతరకృషికి సన్న చక్రాలే వేస్తాం, చెట్టు నలగకుండా. దమ్ముకు ఇనుప చక్రాలు. రోడ్డుకు మామూలువి. ఏ పని చేయాలో చెప్పు, చక్రం నేను చెబుతా" అన్నాడు. రాళ్లదారి, కాస్త ఇసుక, శీతాకాలం మంచు రోడ్డు అన్నాను. "రాళ్లయితే ఎత్తు ముఖ్యం. ఇసుకకు గాలి తీసుకుంటావు." ఆ తర్వాత ఇప్పటి టైరు పక్కన రాసి ఉన్న 16 అంకె చూసి, "మన ట్రాక్టరు ముందు చక్రం కూడా 6.00-16 గదరా" అని సంబరపడ్డాడు. నిజమే, రిమ్ సైజు అదే.

255/85 ఆర్16, పది ప్లైల (పొరల) బలం ఉన్న ఇ రకం, ఐదు ఆర్డర్ పెట్టాను. ఐదోది స్టెప్నీకి. నాలుగు 33 అంగుళాలవి వేసి, స్టెప్నీ మాత్రం 30.6 ఉంచుకుంటే కొండ మీద పంక్చర్ అయిన రోజు వెనక రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, డిఫరెన్షియల్ వేడెక్కుతుంది. ఈ బండిలో వెనక రెండు చక్రాలనూ ఒకే వేగానికి కట్టేసే లాకర్ కూడా ఉంది. అందుకే ఐదోదాన్ని ఖర్చు కింద లెక్కేయలేదు.

మే 18, శనివారం

సస్పెన్షన్ పని. ముందు 2.5 అంగుళాలు, వెనక 1.5 అంగుళాల లిఫ్ట్. ఇంతకంటే పైకి పోతే ముందు డ్రైవ్ షాఫ్టుల కోణం మరీ వాలుగా అయ్యి వాటి కీళ్లను కప్పే రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. 33 టైరుకు ఇది చాలు.

ముందు స్ట్రట్‌ల (షాక్ అబ్జార్బర్ల) మీద స్ప్రింగు బిగించే పని ఇంట్లో చేయలేదు. నొక్కి ఉన్న స్ప్రింగు జారిందంటే మనిషిని మిగల్చదు. దుకాణంలో బిగించి ఇచ్చిన స్ట్రట్‌లు తెచ్చి, పాతవి విప్పి పెట్టడం మాత్రమే మా పని. దానికే రోజంతా పట్టింది.

విప్పే ముందు, చక్రాన్ని ఛాసీకి కలిపే కింది ఆర్మ్‌ల అలైన్‌మెంట్ బోల్టుల మీద తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టుకున్నాను. ఈ రాష్ట్రంలో చలికాలం రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు, అది ఇనుములోకి దూరి బోల్టును బుష్‌తో కలిపి ఒకే ముద్ద చేసేస్తుంది. మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె కొడుతూ వచ్చాను. కుడివైపు బోల్టు అయినా కదల్లేదు. నాన్న పొడుగు గొట్టం ఒకటి పానాకు తొడిగి, కుదుపుతో కాకుండా నెమ్మదిగా బరువు వేస్తూ, ఒకసారి బిగించే వైపు ఒకసారి విప్పే వైపు ఊపాడు. పావుగంటకు కిర్రుమని లేచింది. ఆ చప్పుడు వినగానే ఇద్దరం గట్టిగా నవ్వేశాం.

వెనక కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చాం. యు బోల్టులు కొత్తవే వేశాం, పాతవి సాగి ఉంటాయి కాబట్టి మళ్లీ వాడకూడదు.

పై ఆర్మ్‌లు కూడా మార్చాను. ఎందుకో అలైన్‌మెంట్ రోజున రాస్తాను.

మే 25, శనివారం

టైర్లు వచ్చాయి. ఒక్కదాన్నే రిమ్‌కు ఎక్కించి తెచ్చాను. ఈరోజు పరీక్ష దానితోనే. ఈ ప్రాజెక్టు మొత్తంలో వదిలేయకూడని రోజు ఇదేనని నా గట్టి నమ్మకం.

బండిని చదునైన నేల మీద నిలిపి, టైరు వేసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, ఎక్కడా తగల్లేదు కాబట్టి పట్టేసిందని చాలామంది అనుకుంటారు. నిలబడి ఉన్న బండిలో స్ప్రింగు సగం మాత్రమే నొక్కుకుని ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు చక్రం ఇంకా పైకి, ఫెండర్ లోపలికి వెళుతుంది. అప్పుడే స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉంటే? టైరు ఎక్కడ రాసుకుంటుందో తెలిసేది ఆ క్షణంలోనే. అది రోడ్డు మీద తెలుసుకోవడం కంటే గరాజులో తెలుసుకోవాలి.

అందుకని ఛాసీని స్టాండ్ల మీద నిలిపి, ఎడమవైపు స్ట్రట్ మళ్లీ విప్పేశాం. ఇప్పుడు చక్రాన్ని ఆపే స్ప్రింగు లేదు. టైరు బిగించి, కింది బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, ఆర్మ్ దాన్ని ఇక పైకి పోనివ్వని బంప్ స్టాప్‌కు తగిలేదాకా లేపుకుంటూ వెళ్లాం. ప్రతి అంగుళానికీ ఆగి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పడం.

ఎక్కడ తగులుతోందో నల్లటి ప్లాస్టిక్ మీద నల్లటి టైరుతో కనిపించదు. నాన్న లోపలికెళ్లి అమ్మను అడిగి గిన్నెడు బియ్యప్పిండి తెచ్చాడు. నీళ్లతో జారుగా కలిపి టైరు భుజాల మీద రెండు వైపులా పూశాడు. తర్వాత తిప్పిన ప్రతిసారీ తగిలిన చోటల్లా తెల్లటి ముద్ర పడింది. ఇన్నాళ్లుగా చదివిన ఏ సలహాలోనూ లేని పద్ధతి, నా కళ్ల ముందు ఐదు నిమిషాల్లో పని చేసింది.

ముద్రలు పడ్డ చోట్లు ఇవి. స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పితే టైరు ముందు అంచు బంపర్ కింది ప్లాస్టిక్ మూలకు గట్టిగా రాసుకుంది. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు ముందువైపు జానెడు పొడవున తగిలింది. టైరు వెనకవైపు, ముందు మడ్ ఫ్లాప్‌కు పూర్తిగా. ఆ పైన, రెండు రేకులు కలిపి అతికిన అంచు ఒకటి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) పక్కన పొడుచుకు వచ్చి ఉంటుంది, దాని మీద సన్నటి తెల్ల గీత. చక్రం పూర్తిగా పైకి లేచి, స్టీరింగ్ కొసకు తిరిగినప్పుడే అది తగులుతోంది.

క్యాబ్ మౌంట్‌కు తగల్లేదు. క్యాబిన్‌ను ఛాసీ మీద కూర్చోబెట్టే ఇనుప చెయ్యి అది, ముందు టైరు వెనకే ఉంటుంది. టకోమాకు 33 వేసేవాళ్లందరి భయం దాని గురించే. నా చూపుడు వేలు మధ్యలో దూరింది. 14 మి.మీ. కోయాల్సిన పని లేదని రాసుకున్నాను.

పై ఆర్మ్‌కూ టైరు లోపలి గోడకూ మధ్య కూడా చోటుంది. 285 వేసి ఉంటే ఇక్కడ 15 మి.మీ. పోయేది.

మే 26, ఆదివారం

కోతల రోజు. మడ్ ఫ్లాపులు విప్పేశాం. బంపర్ ప్లాస్టిక్ మూల మీద టేపు అంటించి, దాని మీద గీత గీసి, సన్న పళ్ల రంపంతో కోశాం. తెల్ల ముద్ర కంటే వేలెడు ఎక్కువే తీశాను. లైనర్‌ను కోయకుండా హీట్ గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కి పట్టుకున్నాం, చల్లారేదాకా. ప్లాస్టిక్ వంగితే కోతకంటే మేలు, బురద లోపలికి పోదు.

రేకు అంచును సుత్తితో మడిచాను. దెబ్బ దెబ్బకూ పెయింటు పెచ్చులు ఊడాయి. అక్కడ నీళ్లు చేరే అవకాశం ఉంది కాబట్టి గీకి, ప్రైమర్ కొట్టి, సీలర్ పూసి, మీద నలుపు వేశాను. సుత్తి పని పది నిమిషాలు, పెయింటు పని రెండు గంటలు.

జూన్ 1, శనివారం

మిగతా టైర్లు ఎక్కించి బ్యాలెన్సింగ్ చేయించుకొచ్చాను. టైరు ప్రెషర్ సెన్సార్లు పాత రిమ్‌లవే కాబట్టి కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు.

చక్రం బాత్‌రూమ్ తూకం మీద పెట్టి చూశాం. పాత చక్రం కంటే ఒక్కోటి దాదాపు 7 కిలోలు ఎక్కువ. ఆ బరువు చక్రం అంచున ఉంటుంది, తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ శక్తి కావాలి. వీధి చివర ఆగే గుర్తు దగ్గరే బ్రేకులో తేడా తెలిసింది. ఇక మీదట ముందు బండికి ఇంకాస్త దూరం పాటించాలి.

హైవే ఎక్కగానే 62 మైళ్ల దగ్గర స్టీరింగ్ వణుకు. 70కి ఎక్కువైంది. టెన్షన్ పడుతూనే ఇంటికొచ్చాను, లిఫ్ట్‌లో ఏదైనా వదులుగా ఉందేమోనని. అన్ని బోల్టులూ మళ్లీ చూశాను. ఏదీ వదులు లేదు.

జూన్ 4, మంగళవారం

వేరే దుకాణంలో బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించాను. మొదటి చోట పాత టైరుకు అంటించిన సీసపు బరువులు తీయకుండా వాటి మీదే కొత్తవి అంటించారు. ఒక టైరు అంచు కూడా రిమ్‌లో సరిగా కూర్చోలేదట. గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టారు. వణుకు పోయింది. ఇకనుంచి పాత బరువులు నేనే గీకి తీసుకెళతాను.

జూన్ 8, శనివారం

మే 25న రాసిన ఒక మాట తప్పని ఈరోజు తేలింది.

ఇంటి వెనక మట్టిరోడ్డు మీద వాలు దిగుతూ, ఎడమకు పూర్తిగా తిప్పి, బ్రేకు తొక్కాను. టైరు నుంచి గర్రుమని చప్పుడు. మళ్లీ అదే చోటుకు వెళ్లి అదే చేశాను, మళ్లీ గర్రు. నాన్న పక్కన నడుస్తూ చెవి పెట్టి విన్నాడు. "వెనకవైపు నుంచి వస్తోంది, కింద" అన్నాడు. క్యాబ్ మౌంట్ అంచు మీద నల్లటి రబ్బరు రాసుకున్న గుర్తు. వేలు దూరిన చోటే.

రాత్రి దాకా ఆలోచించాం. గరాజులో చక్రాన్ని పైకి లేపాం, తిప్పాం. కానీ వెనక్కి తోయలేదు. బ్రేకు వేసినప్పుడు నేల టైరును వెనక్కి నెడుతుంది. రాయి గుద్దుకున్నా అంతే. ఆర్మ్‌ల చివర ఉన్నవి రబ్బరు బుష్‌లు, 71 వేల మైళ్లు తిరిగినవి. బరువు పడితే అవి నొక్కుకుంటాయి. దానికి తోడు టైరు అడుగు కూడా నలిగి కాస్త పక్కకు ఉబ్బుతుంది. నా 14 మి.మీ. అక్కడే అయిపోయాయి.

ఇదే పరీక్షను మళ్లీ చేయాల్సి వస్తే చక్రం పైకి లేపాక, దాని ముందు అంచుకు గుడ్డ చుట్టిన గునపం పెట్టి, వెనక్కి నెట్టి మరీ తిప్పి చూస్తాను.

జూన్ 15, శనివారం

క్యాబ్ మౌంట్ కోత.

టైరును ముందుకు జరిపితే కోత తప్పుతుందేమోనని వారమంతా చూశాను. కింది ఆర్మ్‌ను అలైన్‌మెంట్ బోల్టుతో ముందుకు తోస్తే చక్రం కొంచెం ముందుకొస్తుంది. కానీ ముందు లైనర్ వైపు ఉన్న చోటు తక్కువే. అక్కడ ప్లాస్టిక్, ఇక్కడ ఇనుము. రాసుకుంటే ప్లాస్టిక్ వంగుతుంది, ఇనుము టైరు పక్కగోడను కోస్తుంది. రెండూ కలిపి చేయాలని తేల్చుకున్నాను: కొంచెం ముందుకు జరపడం, కొంచెం కోయడం.

వెల్డింగ్ నాకు రాదు. క్యాబిన్ బరువు మోసే ఇనుము మీద నేర్చుకోవడం సరికాదు. చేయి తిరిగిన వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మౌంట్ లోపలి బోల్టుకూ కోత గీతకూ మధ్య ఎంత ఇనుము మిగులుతుందో ముందే గీసి చూపించాడు. బుష్ గిన్నె అంచు దాకా పోకుండా, ముందు మూలను మాత్రం వాలుగా తీస్తే చాలు. బ్యాటరీ తీగలు విప్పాకే గ్రైండర్ పట్టుకున్నాడు. కోసిన చోట తెరిచి ఉన్న డబ్బాలా కనిపించింది. మౌంట్ బలమంతా ఆ డబ్బా ఆకారంలోనే ఉంది. కోసి వదిలేస్తే బలహీనమవుతుంది, లోపల బురద నిండి కుళ్లిపోతుంది. ముందే కోసి తెచ్చిన పలకను ఆ వాలుకు సరిపడా వంచి, చుట్టూ అతికాడు.

నాన్న పక్కనే నిలబడి, ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం చూశాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో, "ఆయన మూలలు ముందు చుక్కలు పెట్టి, చల్లారాక మధ్యలో కలిపాడు చూశావా, రేకు వంకర పోకుండా. మన ఊళ్లో నాగలి కర్రు అతికే ఆయనా అట్లాగే చేసేవాడు" అన్నాడు. ఆ తర్వాత ఇంటి దాకా ఊరి వెల్డింగ్ షాపు సంగతులు చెబుతూనే ఉన్నాడు.

జూన్ 16, ఆదివారం

అతుకుల మీద ప్రైమర్, రెండు పూతలు నలుపు, డబ్బా లోపలికి గొట్టంతో తుప్పు పట్టనివ్వని మైనం.

జూన్ 22, శనివారం

అలైన్‌మెంట్. పై ఆర్మ్‌లు మార్చింది దీనికోసమే. ముందు లేపిన బండిలో క్యాస్టర్ తగ్గిపోతుంది, అంటే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం. అది తగ్గితే హైవే మీద బండి అటూ ఇటూ తూలుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. కంపెనీ పై ఆర్మ్‌లతో ఈ ఎత్తులో కావలసినంత క్యాస్టర్ రాదు. కొత్త ఆర్మ్‌లు పై బాల్ జాయింట్‌ను వెనక్కి ఉంచుతాయి, కింది ఆర్మ్‌ను నేను ముందుకు అడిగాను. ఎడమ 3.6 డిగ్రీలు, కుడి 3.8. క్యాంబర్, అంటే చక్రం పక్కకు వాలే కోణం, సున్నాకు దగ్గర. టైరు ముందుకు జరిగింది కూడా. మౌంట్ వైపు ఇప్పుడు 30 మి.మీ. పైనే ఉంది.

అదే వాలు, అదే మలుపు, అదే బ్రేకు. చప్పుడు లేదు. మూడుసార్లు చేసి చూశాం.

హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడుతున్నాయి. గరాజు తలుపు మీద పాత గీత, కొత్త గీత గీసి కిందికి దించాను. ముందు లేపిన ప్రతి బండికీ ఇది చేయాలి. చాలామంది చేయరు, రాత్రిపూట ఎదురొచ్చినప్పుడు తెలుస్తుంది.

జూన్ 29, శనివారం

మూడు లెక్కలు తేలాయి.

వేగం. పాత టైర్లతో మీటర్ 60 చూపినప్పుడు ఫోన్ జీపీఎస్ 58.5 చూపేది. ఇప్పుడు మీటర్ 60 అంటే జీపీఎస్‌లో 63. టైరు చుట్టుకొలత 8 శాతం పెరిగింది, సరిగ్గా అంతే తేడా. 75 వేగపరిమితి ఉన్న రోడ్డు మీద మీటర్ 71 దాటనివ్వకూడదు.

మైలేజీ. ట్రిప్ మీటర్‌లో 300 మైళ్లకు 17.9 గాలన్లు పట్టింది. గాలన్‌కు 16.8 అని గుండె జారింది. కానీ ఓడోమీటర్ కూడా 8 శాతం తక్కువే లెక్కపెడుతోంది. నిజంగా తిరిగింది 324 మైళ్లు. అంటే 18.1. పాత టైర్లతో 20 వచ్చేది. నష్టం ఉంది గానీ భయపడ్డంత కాదు. పెద్ద టైర్లు వేసి మైలేజీ పడిపోయిందని చెప్పేవాళ్లలో ఈ సవరణ చేసేవాళ్లు తక్కువ.

గాలి. తలుపు స్టిక్కర్ మీద ఉన్న 30 పిఎస్‌ఐ పాత రకం టైరుకు. ఇ రకం టైరు అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి అడుగుతుంది. ట్రెడ్ మీద అడ్డంగా చాక్‌పీసుతో మందంగా గీసి, వీధి చివరి దాకా తిన్నగా వెళ్లి వచ్చాం. 42 దగ్గర మధ్యలో మాత్రమే చెరిగింది, అంటే గాలి ఎక్కువ. 36 దగ్గర అంచు నుంచి అంచు దాకా సమంగా చెరిగింది. 36 ఖాయం.

గేర్ల గురించి ఇంకా తేల్చుకోలేదు. వెనక డిఫరెన్షియల్ గేర్ల నిష్పత్తి 3.91. పెద్ద టైరుతో అది 3.62 లాగా పని చేస్తోంది. 11 వేల అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కుతుంటే గేర్‌బాక్స్ ఐదుకూ నాలుగుకూ మధ్య కొట్టుకులాడింది. ఆ ఎత్తులో గాలి పలచన, ఇంజిన్ బలం ఎలాగూ తగ్గుతుంది. నాన్న చూస్తూ చూస్తూ, "దాన్ని ఎందుకురా అంత తిప్పలు పెడతావు, నాలుగులో పెట్టి ఉంచు" అన్నాడు. లివర్ పక్కకు తీసి నాలుగులో కట్టేశాను. ఇంజిన్ గట్టిగా అరిచింది గానీ, ఒకే వేగంతో పైదాకా ఎక్కింది. నిష్పత్తి మార్చడం అంటే ముందు, వెనక రెండు డిఫరెన్షియళ్లూ విప్పాలి, టైర్లకు అయినదానికంటే ఎక్కువ ఖర్చు. ఒక శీతాకాలం ఇలా నడిపి చూస్తాను.

జూలై 13, శనివారం

గ్రేట్ శాండ్ డ్యూన్స్ నేషనల్ పార్క్. ఇసుక దిబ్బల దగ్గర మొదలై 69వ నంబరు రోడ్డు దాకా 22 మైళ్ల మెడానో పాస్ దారి. ముందంతా లోతైన ఇసుక, తర్వాత వాగు దాటడాలు, పైన రాళ్లు. టైరుకు అన్ని పరీక్షలూ ఒకే రోజు.

పాయింట్ ఆఫ్ నో రిటర్న్ అని రాసిన చోట ఆగి నాలుగు టైర్లలో గాలి 16కు దించాం. నాన్న టైరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, దించకముందు ఇసుకలో పడ్డ ముద్రను, దించాక పడ్డ ముద్రను జానలతో కొలిచాడు. ముద్ర వెడల్పు పెద్దగా మారలేదు. పొడవు మాత్రం దాదాపు జానెడు పెరిగింది. "ఇదిగో, ఇదే. కృష్ణ ఒడ్డున ఇసుక తోలేవాళ్లు ట్రాక్టరు దిగబడితే ఇదే చేసేవాళ్లు. చక్రం ఎత్తుగా ఉంటే అడుగు పొడుగ్గా పరుచుకుంటుంది. పొడుగు పాదం ఇసుకను ముందుకు తోయదు, ఎక్కి పోతుంది." సన్న టైరు ఎంచుకున్నానని రెండు నెలలుగా నాలో మిగిలిన అనుమానం ఆ ముద్ర చూశాక పోయింది.

ఫోర్ వీల్ హై (నాలుగు చక్రాలకూ శక్తి), రెండో గేరు, యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా. ఒక్కచోట మాత్రం ఎదురుగా వచ్చిన బండికి దారి ఇవ్వడానికి ఆగాల్సి వచ్చింది. తిరిగి కదిలేటప్పుడు వెనక చక్రాలు ఒక క్షణం తవ్వాయి. ఆపేసి, అడుగు వెనక్కి వెళ్లి, మళ్లీ కదిలితే ఎక్కేసింది.

వాగులో నీళ్లు రిమ్ మధ్యదాకా వచ్చాయి. అమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ చల్లదనం చూడాలని అడిగింది. ఒడ్డుకు చేరాక ఆపాను. చెప్పులు విప్పి వాగులో దిగి చాలాసేపు నిలబడింది.

పాస్ దగ్గరికి వెళ్లే రాళ్ల మెట్ల మీద నాన్న దిగి ముందు నడుస్తూ, చేత్తో దారి చూపించాడు. పోయిన సంవత్సరం సినమన్ పాస్‌లో తగిలినంత ఎత్తు రాయి ఒకటి వచ్చింది. దానికి తప్పించి వెళ్లే చోటుంది. నాన్న కావాలనే దాన్ని రెండు చక్రాల మధ్యకు తెమ్మని సైగ చేశాడు. నేను కిటికీ దించి చెవి అప్పగించి, అంగుళం అంగుళం పోనిచ్చాను. ఏమీ వినబడలేదు. వెనక నాన్న రాతికీ గుండుకూ మధ్య రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు.

జూలై 14, ఆదివారం

బండి కడిగి, లైనర్ విప్పి లోపలంతా చూశాను. క్యాబ్ మౌంట్ మీద పెయింటు చెక్కుచెదరలేదు. ఎడమ ముందు లైనర్ మీద చిన్న మెరుపు, అక్కడ ఇంకోసారి హీట్ గన్ పట్టాలి. చక్రాల నట్లు, యు బోల్టులు, పై ఆర్మ్ బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూశాను. ఒక యు బోల్టు నట్టు పావు చుట్టు బిగిసింది, కొత్త కమాను కట్ట సర్దుకునేటప్పుడు అలా అవుతుంది. 500 మైళ్ల తర్వాత మళ్లీ చూడాలి.

స్టెప్నీ తొట్టి కింద పాత చోటే ఉంది. మొదట పట్టలేదు. గాలి కాస్త తీసి, వంచి పైకి లాగితే ఇరుగ్గా పట్టింది. వాడాల్సిన రోజు నింపుకోవడానికి కంప్రెసర్ ఎలాగూ బండిలోనే ఉంటుంది.

తర్వాత గరాజు నేల మీద అదే చోట నిలిపి, గుండు కింద టేపు పెట్టాం. 36 పిఎస్‌ఐ గాలితో 263 మి.మీ. నేను లెక్కేసింది 31 పెరుగుతుందని, పెరిగింది 34. ఆ మూడు ఎక్కడివని కాసేపు తలపట్టుకున్నాం. మే నెలలో కొలిచింది అరిగిపోయిన టైర్ల మీద. అరిగిన ట్రెడ్ లోతు కూడా ఇప్పుడు తిరిగొచ్చింది. నాన్న చాక్‌పీసు తీసుకుని గోడ మీద 229 కింద 263 రాసి, పక్కన తేదీ వేశాడు.

వచ్చే శనివారం లైనర్ పని.